మలుపింట్లో ఆరిన కొవ్వొత్తి

ఆ మలుపు దగ్గరికొస్తే ఇంజిన్ కూడా ఊపిరి బిగబడుతుందని పేరు. కొండరోడ్డు దిగి ద్రాక్షతోటలు మొదలయ్యే చోట, తలుపుల్లేని రాతి ఇల్లు… ఇంటి కింద నేలమాళిగ. ఒకప్పుడు అక్కడ వైను కోసం ద్రాక్షరసం పులియబెట్టేవారు. ఒక రాత్రి ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ కిందికి దిగారు. మళ్లీ పైకి రాలేదు. ఒంటిమీద గాటు లేదు, గీత లేదు. నిద్రపోయినట్టే పడి ఉన్నారు. అప్పట్నుంచి ఆ కప్పు మీద వాలిన కాకి కూడా అరవకుండానే లేచిపోతుందిట.

పోయి పోయి ఒక వ్యాను అక్కడే ఆగింది. అదీ చీకటి పడ్డాక.

వ్యాను ఒక మెకానిక్‌ది. అల్లాటప్పా మెకానిక్ కాదు. దగ్గు వింటే చాలు, ఇంజిన్‌కి జాతకం చెప్పేవాడు. ఊడిన చక్రం లోయవైపు దొర్లుతుంటే వెంటపడి పట్టుకుని, పరిగెత్తే లారీకే బిగించిన మొనగాడు! వయసు మళ్లాక షెడ్డు మూసేసి, వ్యానులో పరుపు వేసి, భార్యను ఎక్కించుకుని నెలల తరబడి కొండ సరస్సులన్నీ చుట్టాడు. ఒక సరస్సయితే ఎంత తేట అంటే — ఆవిడ అందులో చూసి తల దువ్వుకుంటుంటే చేపలొచ్చి పాపిడి సరిచేసేవిట.

సరస్సులయ్యాయి, ఇక ద్రాక్షతోటలు చూద్దామని బయల్దేరారు. కనుమ ఎక్కి దిగేసరికి రేడియేటర్ ఆవిర్లు కక్కింది. తాగేనీళ్లు కూడా అందులోనే పోశారు. చాల్లేదు.

కనుమ మీద పెట్రోలు బంకు కుర్రాడు మరీ మరీ చెప్పాడు, మలుపింటి దగ్గర మాత్రం ఆగొద్దని. ఆవిడ ఆ మాటే తలుచుకుంటూ వచ్చింది. ఆయన మాత్రం బకెట్టూ టార్చీ అందుకుని, దెయ్యముంటే మరీ మంచిది, బండి తోయిద్దామన్నాడు.

ఆవిడకు ఆ టార్చి మీద నమ్మకం లేదు. ఆయనే రిపేరు చేసిన టార్చి మరి! కొవ్వొత్తి వెలిగించుకుని వెనకే నడిచింది. వ్యానులో ఒంటరిగా కూర్చోవడం కంటే, మొగుడితో కలిసి దెయ్యం దగ్గరికి పోవడమే నయమనిపించింది.

వంటగదిలో కుళాయి తిప్పితే తుప్పు రాలింది. గోడకు మేకులున్నాయి, పటాలు లేవు. మూల మెట్లు కిందికి దిగుతున్నాయి. ఆ కింద నుంచి…

బుడబుడ… బుడబుడ…

"నీళ్లే," అన్నాడాయన.

"ఎవరో మాట్లాడుకుంటున్నారండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి.

ఆయన అప్పటికే దిగిపోయాడు. ఆవిడ పైమెట్టు మీదే నిలబడింది. టార్చి వెలుగులో ఏనుగులంతేసి పీపాలు, వాటి పక్కన మూతలేని తొట్టి. ఆయన తొట్టిలో చెయ్యి ముంచాడు. నాకాడు.

"నీళ్లు కాదే, ద్రాక్షరసం. ఎంత తియ్యగా ఉందో…"

"ఒకరి సొమ్ము అడక్కుండా తాగుతారా?"

"ఎవర్నడగను?"

ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆ తర్వాతి మాటే సాగింది… "కాస్త… కూర్చుంటానే…"

మూడు రాత్రులు ఆవలించకుండా గేర్‌బాక్సు విప్పి బిగించిన మనిషి! టార్చి చేతిలోంచి జారి దొర్లింది.

ఆవిడ మెట్లు దిగింది. కింది మెట్టు దగ్గర కొవ్వొత్తి ఆరిపోయింది. గాలి లేదు. పక్కనుంచి ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. వెలిగించింది. మళ్లీ…

చీకట్లో ఒంటరిగా పోయేటప్పుడు ఊపిరి బిగబట్టాలని, దెయ్యానికి మన ఊపిరి వినబడకూడదని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. టార్చి వెలుగు వైపు దూకి ఆయన చంకల కింద చేతులేసింది. తొంభై కిలోల మనిషిని, అదీ భోంచేసిన మనిషిని, గోనెసంచిలా మెట్ల మీదుగా ఈడ్చి బయట గడ్డిలో పడేసింది.

ఎంతసేపటికీ కదల్లేదు. ఆవిడ చెంపలు వాయించింది, పేరు పెట్టి పిలిచింది… చివరికి దగ్గాడు. ఆ దగ్గు విని ఆవిడ ఏడ్చింది.

తెల్లారి పక్క తోట మేస్త్రీ నీళ్లు తెచ్చి రేడియేటర్లో పోశాడు. కథంతా విని తాపీగా నవ్వాడు. రసం పులిసేటప్పుడు చెడుగాలి పుడుతుందిట. నేలనే పట్టుకుని ఉంటుందిట. ముందు దీపాన్ని ఆర్పుతుంది, తర్వాత మనిషిని. అందుకే తమ మాళిగల్లో కొవ్వొత్తి లేకుండా ఎవరూ దిగరన్నాడు. ఊపిరి బిగబట్టబట్టే అమ్మగారు బతికారన్నాడు.

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. "విన్నావా? గాలిట! ఉత్త గాలి," అన్నాడు భార్యతో.

"ఇంతకీ ఏ తోటవాళ్ల మాళిగండీ?" అన్నాడు మేస్త్రీ.

చూపించారు.

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. కొవ్వొత్తి వెలిగించుకుని ముందు నడిచాడు. కింది మెట్టు దాటినా వెలుగు చెక్కుచెదరలేదు. కొవ్వొత్తి నేలకు ఆనించాడు — నిలువుగా వెలుగుతోంది. పీపాలు ఎండి, కట్లు ఊడి, పలకలు విచ్చుకుని పడి ఉన్నాయి. తొట్టిలో అరచెయ్యి మందాన దుమ్ము. ఆ దుమ్ములో అయిదు వేళ్ల అచ్చు ఒక్కటే.

"అన్నదమ్ములు చనిపోయిన ఏడాదే తోట పీకేశారమ్మా," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "ఆ తర్వాత ఇక్కడికి ఒక్క గుత్తి రాలేదు."

ఆవిడ మొగుడి కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మణికట్టు దాకా ఊదారంగు. పొద్దున సబ్బుతో రుద్దినా పోలేదు.

"మరి నేను తాగింది…" అన్నాడాయన.

గాలి లేదు, అలికిడి లేదు… మేస్త్రీ చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది.