ఒకటి లేని థీసిస్

ట్రంకుపెట్టె తాళం విరిగి ఉంది. లోపల మడతపెట్టిన బట్టలు మాత్రం నలగలేదు. చేతిరాత ప్రతి లేదు. రెండు ఫ్లాపీలూ లేవు.

2001 జూన్ 11, సోమవారం. హిందూపురంలో ఒక లేడీస్ హాస్టల్. మంజుల ఉదయం 9.30కి ల్యాబ్‌కి వెళ్లి 12.15కి తిరిగొచ్చింది. ఆ మధ్యలోనే ఆమె థీసిస్ మాయమైంది.

బుధవారం అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. అదే థీసిస్ తోటి విద్యార్థి బసవరాజు పేరుతో, నల్లటి బైండింగుతో డిపార్ట్‌మెంటుకి చేరింది. రెండోసారి అదే విషయం ఎవరు తెచ్చినా డిబార్ చేస్తానన్నాడు హెడ్ నారాయణస్వామి. గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు. ఆ లోపు తేలకపోతే గుడిబండలో గొర్రెలు కాసే నాగప్ప కూతురు మంజుల డిగ్రీ మీద ఆశ వదులుకోవాలి. పైగా దొంగ అన్న పేరు కూడా మోయాలి.

గురువారం 4.20కి మంజుల పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది రూమ్మేట్ అరుణ. ఎస్సై డేవిడ్‌కు ఆమె సొంత అక్క కూతురు.

"మామా, ఈ పిల్లకి నువ్వే న్యాయం చెయ్యల్ల," అంది అరుణ.

డేవిడ్ నోట్‌బుక్ తెరిచాడు.

"థీసిస్ దేని మీద?"

"ఈ-మెయిల్ సాఫ్ట్‌వేర్ సార్," అంది మంజుల. "మన ఊర్లలో ఫోన్ లైన్ మాటిమాటికీ తెగిపోతాది కదా. తెగినా మెయిల్ పోకుండా కాపాడే ప్రోగ్రామ్ రాసినా."

"టైపు చేసిందెవరు?"

"అరుణే. నేను చేత్తో రాస్తే తను కంప్యూటర్‌లో ఎక్కించేది. తప్పులు దిద్దింది కూడా తనే. యాడ బోల్డ్ ఉండల్ల, యాడ వాలు అక్షరం ఉండల్ల, అంతా తనే కుదిర్చింది."

అరుణ అందుకుంది. "మొదటి పేజీలోనే ఆ నియమాలన్నీ పెట్టినాం మామా. కమాండ్లు, అడ్రసులు, అంకెలు అన్నీ కొరియర్ ఫాంట్‌లోనే. నూట నలభై పేజీల్లో ఒక్క చోట కూడా గీత తప్పల్యా."

ఆ మాటలో గర్వం ఉంది. మేనమామ ముచ్చటపడ్డాడు. అరుణకు నాయన చిన్నప్పుడే పోతే, ధర్మవరంలో తాను నేర్చుకున్న నరసప్ప మాస్టారి దగ్గరే టైపు నేర్పించింది డేవిడే.

"సోమ, మంగళవారాలు నువ్వు యాడుండావు?" రివాజుగా అడిగాడు.

"సోమవారం పొద్దున్నే కనగానపల్లికి పోయినా మామా. నాయన వాళ్లమ్మకు బాగలేదు. బుధవారం వచ్చినా."

డేవిడ్ మంజుల వైపు తిరిగాడు. "నీ కాడ ఇంకేమీ మిగల్లేదా?"

మంజుల ఒకసారి అరుణను చూసింది. "ఒక కాగితం ఉండాది సార్. కేసుకు పనికొచ్చేది కాదులే."

శుక్రవారం 10.10. బసవరాజు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీ చూపించకముందే కూర్చున్నాడు.

"థీసిస్ ఎవరు టైపు చేసినారు?"

"నేనే సార్. మా ఇంట్లో."

"మొత్తమా?"

"మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ."

"ఇంకెవరి చెయ్యీ పడలేదా?"

"లేదు సార్. కావాలంటే రాసిస్తాను."

రాయించుకున్నాడు డేవిడ్.

12.40కి పెనుకొండ. బైండింగు అట్ట వెనక ప్రింటింగ్ షాపు పేరుంది. షాపు సాల్మన్‌ది.

"మంగళవారం పదకొండున్నరకు వచ్చినాడు సార్. ఒక ఫ్లాపీ, మూడు కాపీలు. ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉండాది."

మంజుల ముందే ఒక ఆనవాలు చెప్పింది. నాలుగో అధ్యాయంలో, 2001 మార్చిలో ఆమె పంపిన పరీక్ష మెయిల్ ఉంది. దాంట్లో ఆమె అడ్రసు బసవరాజు ఎక్కడైనా చెరపకుండా వదిలేశాడేమోనని డేవిడ్ ఆశ.

"2001 అని వెతుకు."

సాల్మన్ కొట్టాడు. దొరకలేదని వచ్చింది. ప్రింటు తీసిన కాగితం మీద మాత్రం ఆ ఏడాది కళ్లముందే కనబడుతోంది.

"ఇదేంది సార్, దయ్యం పట్టినట్టుండాది?"

"ఒట్టి ఒకటి అంకె వెతుకు."

అదీ లేదు. మొత్తం థీసిస్‌లో ఒక్క ఒకటి కూడా లేదు.

"ఫాంట్ మార్చు. ఏరియల్ పెట్టు."

మార్చాడు. ఒకటి ఉండాల్సిన ప్రతి చోటా ముక్కు లేని నిలువు గీత నిలబడింది. అది అంకె కాదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం. కొరియర్‌లో రెండూ కవలల్లా ఉంటాయి గనుక ఎవరి కంటా పడలేదు.

డేవిడ్‌కు నవ్వొచ్చింది. స్టేషన్‌లో తన ఎఫ్ఐఆర్లన్నీ అలాగే ఉంటాయి మరి. పాత టైపు మిషన్‌లో ఒకటి మీట ఉండదు. చిన్న ఎల్ కొట్టి సరిపెట్టుకోవాలి. ఇది అరుణ వేలి అలవాటు. అంటే ఫైలు మంజులదే. కేసు తేలిపోయినట్టే.

అప్పుడు అతని చూపు రెండో పేజీ మీద పడింది. ఇది నా సొంత పని అంటూ బసవరాజు ఇచ్చిన డిక్లరేషన్. అతని రోల్ నంబరు 99111. తేదీ 12-06-2001. అన్నీ చిన్న ఎల్‌లే.

నవ్వు ఆగిపోయింది. అధ్యాయాలు దొంగిలించినవి కావచ్చు. ఈ పేజీ మంజుల ఫ్లాపీలో ఎందుకుంటుంది? ఇది దొంగతనం జరిగిన మర్నాడు అదే వేలు టైపు చేసింది.

జీపు హిందూపురం వైపు తిరగలేదు. ధర్మవరం వైపు పోయింది.

3.30. నరసప్ప మాస్టారు పాత శిష్యుణ్ణి చూసి మురిసిపోయాడు.

"నా మిషన్లలో ఒకటి మీట యాడుండాదప్పా? నా కాడ నేర్చుకున్నోళ్ల వేలు దానికోసం ఎతకదు. కంప్యూటర్ కొన్నా అంతే."

"మా అరుణ ఈ మధ్య వచ్చిందా మాస్టారూ?"

"మంగళవారం పొద్దున ఎనిమిదికి వచ్చింది. కాలేజీ పేజీలు రెండుండాయని కంప్యూటర్ మీద కొట్టుకుంది. బయట ఎవరో పిల్లోడు మోటార్‌సైకిల్ మీద కాచుకోనుండె. ఏమబ్బా, ఒంట్లో బాగలేదా?"

డేవిడ్ మంచినీళ్లు అడిగాడు. గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేకపోయాడు. తాను ఎత్తుకు పెంచిన పిల్ల. నిన్న తన ఎదుట ఆ మంజుల చెయ్యి వదలకుండా నిలబడిన పిల్ల.

శనివారం 11 గంటలు. హెడ్ గది. నారాయణస్వామి, బసవరాజు, మంజుల, అరుణ. బల్ల మీద కంప్యూటర్, ఎదురుగా డేవిడ్.

"బసవరాజూ, నీ రోల్ నంబరు కొట్టు."

కొట్టాడు. వేలు పై వరుసలో ఒకటి మీట మీదకు వెళ్లింది.

"ఇప్పుడు ఒకటి వెతుకు."

దొరికింది. తర్వాత డేవిడ్ థీసిస్ ఫైలు తెరిచి వెతికించాడు. దొరకలేదు. డిక్లరేషన్ పేజీలో వెతికించాడు. దొరకలేదు. ఫాంట్ మార్చి చూపించాడు. హెడ్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మొదటి అక్షరం నుంచీ నువ్వే కొట్టానని రాసిచ్చినావు. ఈ పేజీ కొట్టింది పాత టైపు మిషన్ మీద నేర్చుకున్న చెయ్యి. మంగళవారం పొద్దున, ధర్మవరంలో. నువ్వు బయట బండి మీద ఉండావు."

బసవరాజు ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసింది. "ఆయమ్మే ఇచ్చింది సార్!"

మంజుల చెయ్యి అరుణ చేతిలో నుంచి నెమ్మదిగా జారింది.

"తాళం కూడా నువ్వేనా?" అరుణను అడిగాడు డేవిడ్.

"ఊ."

"మరి నా కాడికి ఎందుకు తీసుకొచ్చినావు?"

"నువ్వు మామవి గదా. నన్ను అనుమానించవు అనుకున్నా."

ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది. నిజమే, అనుమానించలేదు.

"ఎందుకే?" అంది మంజుల.

అరుణ అప్పుడు తలెత్తింది. "బసవరాజు బెంగళూర్‌లో ఉద్యోగం ఇప్పిస్తా అన్నాడు. దానికోసం కాదు. ఎనిమిది నెల్లు మంజులా! నీ గీతలన్నీ అక్షరాలు చేసినా. చివరికి కృతజ్ఞతల పేజీ ఇస్తివి. గైడు పేరుండాది. మీ నాయన పేరుండాది. ల్యాబ్ తలుపు తీసే మునియమ్మ పేరు కూడా ఉండాది. నా పేరు లేదు. ఆ పేజీ కూడా నా చేతుల్తోనే కొట్టినా."

మంజుల సంచిలో నుంచి నాలుగు మడతల కాగితం తీసి డేవిడ్‌కు ఇచ్చింది. ఆమె దస్తూరీ. పైన అంకితం అని ఉంది.

డేవిడ్ పైకి చదివాడు. "ఈ పుస్తకంలో ఆలోచన నాది, అందం నా అరుణది. ఇంట్లో తోబుట్టువు లేని లోటు తీర్చిన నా అక్కకు."

"అన్ని పేజీలూ తనే కొడతాది గదా సార్. ముందే సూసేస్తాదని ఇది ఇయ్యల్యా," అంది మంజుల. "బైండింగు రోజు ప్రింటింగ్ షాపులోనే కొట్టించి, పుస్తకం తన చేతికిచ్చి తెరవమందామనుకున్నా."

అరుణ ముఖం రెండు చేతులతో కప్పుకుని నేల మీద కూలబడింది. ఎవరూ లేపలేదు.

నారాయణస్వామి బసవరాజు థీసిస్ రద్దు చేస్తూ సంతకం పెట్టాడు. మంజుల కంప్యూటర్ ముందు కూర్చుని, డిక్లరేషన్ పేజీలో తన పేరు ఒంటి వేలితో కొట్టుకుంది. గడువుకి ఇంకా నాలుగున్నర గంటలున్నాయి.

"మరి ఈ కాగితం?" అడిగాడు డేవిడ్.

ఆమె వెనక్కి తిరగలేదు. "కేసు ఫైల్లో పెట్టుకోండి సార్. నాకు ఇంక పనిల్యా."

స్టేషన్‌లో డేవిడ్ టైపు మిషన్‌కి కాగితం ఎక్కించాడు. నిందితుల పేర్లు. ఒకటో అంకె దగ్గర వేలు అలవాటుగా చిన్న ఎల్ మీదకు పోయింది. అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కాగితం బయటికి లాగి, పెన్ను తీసి, మొదటి పేరు చేత్తోనే రాశాడు. అరుణ.