తొమ్మిదో నుదురు

1978 ఫిబ్రవరి 7, మంగళవారం. తెల్లవారుజామున మంచు దట్టంగా కురిసి, పది గంటలకల్లా విడిపోయింది. మధ్యాహ్నం ఎండ కాస్త చురుక్కుమంది. సాయంత్రానికి గాలి పూర్తిగా పడిపోయి, మినుము చేలల్లో ఆకు కూడా కదల్లేదు. ఆ రోజు అమావాస్య. తెల్లవారితే విభూది బుధవారం, క్రైస్తవుల నలభై రోజుల తపస్సు కాలానికి మొదటి రోజు.

చల్లపల్లికి దక్షిణాన, కాలవ చివర ఉన్న ఒక చిన్న ఊళ్లో, మరియమ్మ గుడి ముందు కూర్చుని ఉపదేశి శౌరయ్య ఈత మట్టలు కాలుస్తున్నాడు. ఉపదేశి అంటే పెద్ద హోదా అనుకోకండి. ఫాదర్ గారు రాని రోజుల్లో జపాలు చెప్పించాలి, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పాలి, గంట కొట్టాలి, చివరికి గుడి ఊడవాలి కూడా. ముప్పై ఒక్క ఏళ్లుగా శౌరయ్య ఆ పనులన్నీ చేస్తున్నాడు.

విభూదికి ఏ బూడిద పడితే అది పనికిరాదు. అంతకు ముందటేడు మట్టల ఆదివారం నాడు ఫాదర్ గారు దీవించి ఇచ్చిన ఈతాకుల్ని ఎవరిళ్లలో వాళ్లు పటాల వెనక దోపుకుంటారు. ఏడాది తిరిగాక తెచ్చి గుడికి ఇచ్చేస్తారు. వాటినే కాల్చి, జల్లించి, నుదుట పెడతారు. ఎండిన ఈతాకు చిటపటమని మహా ఆర్భాటంగా మండుతుంది గానీ, మిగిలే బూడిద పిడికెడు. కొన్ని ఊళ్లలో అందులో నీళ్లు కలుపుతారు, కొందరు నూనె చుక్క వేస్తారు. శౌరయ్య మాత్రం ఏదీ కలపడు. మట్టి అన్నది పొడిగా ఉంటేనే మనిషికి తన సంగతి గుర్తొస్తుందని ఆయన నమ్మకం.

పక్కింటి మణెమ్మ తన మట్ట పట్టుకుని వచ్చింది. ఆమెకూ అరవై దాటాయి.

"ఇంకెంతసేపన్నా? ఈ పొగకి నా కళ్లు పోయేటట్టున్నాయి."

"అవి ఎప్పుడో పోయాయిగా. ఇటివ్వు."

"రేపు విభూది నువ్వే పెడతావంట. ఫాదర్ గారు రారా?"

"మధ్యాహ్నం దాకా రారు. ఆరు ఊళ్లకీ ఆయనొక్కరే. పొద్దుటి పూట నన్నే కానిచ్చెయ్యమన్నారు."

"నీకు ఆ మాటలొచ్చా? మధ్యలో తడబడితే ఊరంతా నవ్వుద్ది."

"అందుకే లోపలికెళ్లి రెండు మూడుసార్లు అనుకుని చూసుకుంటా."

"ఎవరి నుదుటి మీద చూసుకుంటావు? బల్లల మీదా?"

శౌరయ్య నవ్వాడు. మూడు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. మణెమ్మ ఆ నవ్వు చూసి ధైర్యం చేసి, అడగకూడనిది అడిగింది.

"మన అమలమ్మ మట్ట వేశావా?"

ఆయన మంటని పుల్లతో ఎగదోశాడు. "వచ్చి తనే ఇస్తుంది."

"మూడు నెలలు కావస్తందన్నా."

"అవనిగడ్డ క్యాంపులో ఎవరో చూశారంట."

"ఆ చూసినోళ్లెవరో ఇంతవరకూ తెలియలేదు," అని మెల్లగా అని, మణెమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు ఆ ఊరి నుంచి తొమ్మిది మంది సముద్రం వైపు పల్లెలకి వరికోతలకి పోయి ఉన్నారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఒక్క శవమూ దొరకలేదు. ఎనిమిది ఇళ్లవాళ్లు ఏడ్చి ఏడ్చి, చివరికి పోయినవాళ్ల పేర్లు కాగితం మీద రాయించారు. బుధవారం మధ్యాహ్నం ఫాదర్ మరియదాసు గారు వచ్చి వాళ్ల ఆత్మల కోసం పూజ చెయ్యాలి. తొమ్మిదో పేరు అమలమ్మ. భర్త పోయి పుట్టింటికి చేరిన పిల్ల, శౌరయ్యకి ఉన్న ఒక్కగానొక్క బిడ్డ. ఆ పేరు ఆయన రాయలేదు.

రాస్తే ఒప్పుకున్నట్టే. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది, అది ఆయన పాపసంకీర్తనంలో కూడా ఫాదర్ గారికి చెప్పలేకపోయాడు. అమలమ్మకి కోతలకి పోవడం ఇష్టం లేదు. ఒంట్లో బాగాలేదంది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నలుగురితో పాటు పో" అని కసిరి పంపింది ఆయనే. ఆ పూట కూతురు చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడేవాళ్లు లేరు. తమ్ముడి కొడుకు జక్కయ్య రెండు పూటలా అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, "పెదనాన్నా, తిను" అని చెప్పి పోతాడు. అంతే.

దీపాలు పెట్టే వేళకి బూడిద చల్లారింది. జల్లించి ఇత్తడి గిన్నెలో పోసుకుని శౌరయ్య గుడిలోకి వెళ్లాడు. ఉప్పెనకి పడిపోయిన కరెంటు స్తంభాలు ఇంకా లేపలేదు. లాంతరు వెలిగించి పీఠం మెట్టు మీద పెట్టాడు. ఆ వెలుతురు మూడు బల్లల దాకా పోయి ఆగిపోయింది. గబ్బిలాల వాసన, పాత మైనం వాసన, చేతులకి అంటిన పొగ వాసన.

గిన్నె ఎడమ చేత పట్టుకుని ఖాళీ బల్లలకి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నీవు మట్టివి. తిరిగి మట్టిలో కలిసిపోతావని జ్ఞాపకం ఉంచుకో."

గొంతు బాగానే పలికింది. చెయ్యి కూడా అలవాటు కావాలని బొటనవేలు బూడిదలో అద్ది, ఎదురుగా గాలిలో సిలువ గీశాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అనేటప్పటికి, బొటనవేలికి నుదురు తగిలింది.

ఎవరో తల వంచుకుని నిలబడి ఉన్నారు. తల మీదుగా ముఖం దాకా తువ్వాలు దిగి ఉంది. మణెమ్మ వేళాకోళానికి ఎవరినో పంపిందనుకున్నాడు. సరే, మనిషి మీద చూసుకోవడమే మంచిది కదా. సిలువ గీశాడు.

బూడిద అంటలేదు. నుదురు తడిగా ఉంది... చాలా చల్లగా ఉంది. వేలి కింద బూడిద జారి బురదైంది.

ఆ మనిషి పక్కకి తప్పుకున్నాడు. వెనక ఇంకొకరు ఉన్నారు. ఆ వెనక ఇంకొకరు. వరసలో అడుగుల చప్పుడు లేదు. నేల మీద నీళ్లు కారే చప్పుడు మాత్రం ఉంది. ఒకటి... ఒకటి... ఒకటి. గబ్బిలాల వాసన ఎక్కడికో పోయింది. ఉప్పు బురద వాసన గుడి నిండా కమ్ముకుంది.

శౌరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నోరు మాత్రం ఆగలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా జపాలు చెప్పించిన నోరు అది. నీవు మట్టివి, మట్టిలో కలిసిపోతావు. నీవు మట్టివి... ఆ మాట విన్నప్పుడల్లా ఎదుటి తల ఇంకాస్త వంగేది. మట్టి దొరకనివాళ్లకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో శౌరయ్యకి అప్పుడు తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయనకి తట్టని అర్థం అది.

లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాడు. ఆరు... ఏడు... ఎనిమిది.

ఎనిమిదో మనిషి తప్పుకున్నాక ఎదురుగా ఎవరూ లేరు. ఆయన ఊపిరి వదిలాడు. తల ఎత్తి చూశాడు.

గుమ్మం అవతల, చీకట్లో, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముసుగు వేసుకుంది. గడప దాటలేదు. లోపలికి పిలిస్తే వస్తానన్నట్టు, తల కొంచెం ముందుకి వంచి ఉంది.

"అమ్మలూ?" అన్నాడు గుసగుసగా.

ఆయన కళ్లు చికిలించి చూశాడు.

"నువ్వేనా అమ్మా?"

ఆమె ఒక చెయ్యి పైకెత్తి, నుదుటి మీది ముసుగు వెనక్కి జరుపుకోబోయింది.

శౌరయ్య గిన్నె మీద అరచెయ్యి మూశాడు. ఇంకొక్క అడుగు ఆమె లోపలికి వేస్తే, ఇంకొక్కసారి తన నోట ఆ మాట వస్తే, అయిపోతుంది. ఇంక ఎదురుచూడటానికి ఏమీ మిగలదు.

"వద్దు... ఇది నీకు కాదు," అన్నాడు. "నువ్వు ఇంటికి పో అమ్మా. ఇంటికి పో."

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత, తండ్రి మాట ఏనాడూ జవదాటని బిడ్డ కదా, ఊరి వైపు తిరిగి వెళ్లిపోయింది.

పొద్దున మణెమ్మ గంట కొట్టించాలని వచ్చేసరికి శౌరయ్య పీఠం మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. గిన్నెలో గడ్డకట్టిన బురద.

"ఇదేంటన్నా? నీళ్లు పోశావా?"

"నీ పొయ్యిలో బూడిద ఉందా?" అన్నాడాయన.

ఆ ఏడు ఊరందరి నుదుటా మణెమ్మ పొయ్యి బూడిదే. ఆ సంగతి వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం ఫాదర్ గారు సైకిలు దిగి కాగితం చూశారు. "ఎనిమిదే ఉన్నాయేం శౌరయ్యా? ఇంకా మనసు ఒప్పుకోవడం లేదా?"

"తొమ్మిదో పేరు అక్కర్లేదండీ. అమ్మాయి ఇంటికొచ్చింది."

ఫాదర్ గారు ఆయన ముఖంలోకి చూశారు. మణెమ్మ వంక చూశారు. మణెమ్మ నేల చూసింది. ఎనిమిది పేర్లకే పూజ జరిగింది.

అప్పటి నుంచి శౌరయ్య గుమ్మంలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అన్నం ఇద్దరికి సరిపడా తెమ్మని జక్కయ్యకి చెప్పాడు. జక్కయ్య మారుమాట్లాడకుండా మూడేళ్లకు పైగా ఇద్దరికీ తెచ్చాడు. గిన్నె ఏ పూటా మిగులుతో తిరిగి రాలేదు.

1981 ఆగస్టులో, ముసురు పట్టిన వారంలో, శౌరయ్య పోయాడు. ఆయనని మోసుకుపోయాక ఇల్లు ఖాళీ అని అన్ని మూలలూ చూసుకుని, తాళం వేసింది జక్కయ్యే. నలభయ్యో రోజు పూజ అయ్యాక వీలునామా చదివారు. పాడిగేదె మణెమ్మకి. కాలవ గట్టు కింద అరెకరం గుడికి. ఇల్లు, ఇంటి స్థలం, అందులోని సామాను యావత్తూ కుమార్తె అమలమ్మకి. అన్నం పెట్టిన జక్కయ్యకి ఏమీ లేదు.

జక్కయ్య పల్లెత్తు మాట అనలేదు. కనీసం తన అన్నం గిన్నె అయినా తెచ్చుకుందామని ఆ సాయంత్రం వెళ్లి, తాను వేసిన తాళం తానే తీశాడు. తలుపు తోశాడు. రాలేదు. భుజం పెట్టి తోశాడు.

లోపల గడియ వేసి ఉంది. ఆ ఇంటికి ఇంకో తలుపు లేదు.

జక్కయ్య గిన్నె అడగలేదు. తాళం మళ్లీ వెయ్యాలో వద్దో తెలియక, తాళంచెవిని గడప మీద పెట్టి వచ్చేశాడు.