గోడలో బెత్తెడు తేడా

"ఇది మీరు గీసిందేనా?"

భోజనాల బల్ల మీద కాగితం పరిచి మరిది అడిగిన మాటలో ఆమె గుండెకు ముందుగా తగిలింది ఆ 'మీరు'. తను కాపురానికి వచ్చిన నాటికి పాలపళ్లు ఊడుతున్న పిల్లాడు వాడు. ఊడిన ప్రతి పన్నూ తెచ్చి వదిన అరచేతిలో పెట్టిన వాడు. ఇన్నేళ్లలో "నువ్వు" తప్ప మరో పిలుపు ఎరగని వాడు. ఇవాళ ఎదురుగా నిలబడి, పరాయి ఆఫీసులో గుమాస్తాను అడిగినట్లు అడుగుతున్నాడు.

"నేనే గీశాను. ఏమైంది నాయనా?"

"ఏమైందో మీకు తెలియదా? నడిమి గీత మీద గోడ అనుకున్నాం. కింది అంతస్తులో అది బెత్తెడు నా గదిలోకి వచ్చేసింది. నా డ్రమ్ములు అందులో పట్టవు. పట్టకుండా చెయ్యమని అన్నయ్య చెప్పాడా, మీకే తోచిందా?"

ఆమె భర్త అప్పుడే నిద్ర లేచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తమ్ముడితో మాటలు మానేసి చాలా కాలమైంది కనుక అతను నోరు విప్పలేదు. భార్య వంక మాత్రం ఒకసారి చూశాడు... నిజంగా నువ్వే చేశావా అన్నట్లు. మరిది మాటను ఎలాగో ఓర్చుకుంది కానీ, ఆ చూపును ఓర్చుకోలేక ఆమె చప్పున తల దించుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు కనిపిస్తానేమోనన్న భయంతో, కళ్లలో నీళ్లున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు.

"రేపు పొద్దున మేస్త్రీ వస్తాడు. ఈలోగా సరిచేసి ఇవ్వండి," అనేసి మరిది వెళ్లిపోయాడు.

అసలు ఆ ఇంట్లో ఎవరిదీ తప్పు కాదు. అదే వచ్చిన చిక్కు. అన్నగారు అచ్చు కార్ఖానాలో రాత్రి పని చేసి, తెల్లవారి వచ్చి పడుకుంటాడు. ఆయనకు కన్ను అంటుకునే వేళకే తమ్ముడి దగ్గరకు పిల్లలు డ్రమ్ములు నేర్చుకోవడానికి వస్తారు. ఒకరికి నిద్ర కావాలి, ఒకరికి బతుకుతెరువు కావాలి. మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి. కొడుకులిద్దరినీ చూసి చూసి విసిగిన అత్తగారు, "మధ్యన గోడ కట్టుకోండిరా. కనీసం ఒకరి మీద ఒకరికి కోపం తగ్గుతుంది," అని తీర్పు చెప్పేసింది. ఇల్లు రెండు ముక్కలు. కిందా పైనా ఒకటే గోడ.

గీయాల్సింది మాత్రం ఈవిడే. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో గీసిపెట్టడమే ఆమె ఉద్యోగం. ఆ గోడ మామూలుది కాదు. నడుమ ఇటుక, ఒక పక్క పలచటి సిమెంటు పూత, రెండో పక్క చప్పుడును మింగేసే మందపాటి దూది పొర, దాని మీద చెక్క. ఆ దూది పొర ఎవరో ఒకరి గదిలోంచి బెత్తెడు జాగా తింటుంది. అన్నదమ్ములిద్దరూ ఆ సంగతి తలచనే లేదు. ఆమె తలచింది. తలచి, ఎవరికీ చెప్పకుండా ఆ పొరను తమ వైపే పెట్టింది. చెబితే భర్త ఒప్పుకోడు. వాడి చప్పుడూ భరించి, వాడికి జాగా కూడా ఇవ్వాలా అంటాడు. చిన్నవాడు... రేపు పెళ్లి చేసుకుంటాడు, వాడికే చోటు కావాలి అనుకుంది. మరి తన వైపు పెట్టిన పొర వాడి వైపుకు ఎలా వెళ్లింది?

మధ్యాహ్నపు ఎండ కర్రల కిటికీలోంచి పలచగా పడుతోంది. ఆమె తెర ముందు కూర్చుని, గీతలుగా ఉన్న ఇంటిని బొమ్మ ఇల్లుగా నిలువుగా లేపి, అందులోకి నడిచింది. ఆ బొమ్మ ఇంట్లో నడవడమంటే ఆమెకు మొదటి నుంచీ ఇష్టం. అక్కడ అడుగుల చప్పుడు ఉండదు. ధూళి లేని నేల, ఆరేసిన బట్టలు లేని వరండా, ఎవరూ అలగని గదులు... గదిలోంచి గదిలోకి తేలిపోతూ వెళ్లింది. పడకగది కిటికీలోంచి ఎక్కడా లేని తెల్లటి వెలుతురు వస్తోంది. ఈ గదిలోనే కదూ వాడికి జ్వరమొస్తే రాత్రంతా కాళ్ల మీద వేసుకుని కూర్చుంది! ఆ రాత్రి ఈ గోడల్లో ఎక్కడా లేదు. ఇక్కడ గోడలకు రంగు ఉంది కానీ జ్ఞాపకం లేదు. కొంచెంసేపు ఆమెకు ఆ ఇంట్లోనే ఉండిపోవాలనిపించింది.

మేడమెట్ల దగ్గర ఆగింది. అక్కడ కింది గోడా పై గోడా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింది గోడ అటు పొడుచుకు వచ్చింది, పై గోడ ఇటు పొడుచుకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ కూడా అతుకు దగ్గర ఎర్ర గుర్తు పెట్టి, రెండూ కలవడం లేదని చెబుతోంది.

కొలతలు మళ్లీ కొట్టి చూసింది. తేడా లేదు. రెండు అంతస్తుల్లో వేరు వేరు రకం గోడలు ఎంచిందేమో చూసింది. రెండూ ఒకటే రకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, తనేమో రచ్చంతా గెలిచి ఇంట్లో ఓడిపోయేలా ఉంది. చివరికి పొరలన్నీ ఒక్కొక్కటే దాచేసి, ఇటుకను మాత్రం ఉంచింది. కింది ఇటుక మీద పై ఇటుక వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుని ఉంది. అంటే గోడ జరగలేదు! పొర పక్క మారింది, అంతే.

అప్పుడు తట్టింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో గోడను ఏ కొస నుంచి మొదలుపెట్టి గీస్తే, ఆ గీత నడిచే దిక్కుకు కుడిచేతి వైపున దూది పొర పడుతుంది. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ ఆమె వీధి గుమ్మం నుంచే మొదలుపెడుతుంది. కానీ ఈ ఇంట్లో వీధి గుమ్మం చుట్టాలకే. ఇంటివాళ్లంతా వంటింటి వెనక తలుపులోంచి వస్తారు, అందులోంచే పోతారు. కొలిచిన రోజున అత్తగారు టేపు కొస ఆ తలుపు దగ్గరే పట్టుకుంది, ఈమె వీధి వైపుకు నడిచింది. గీత కూడా అలాగే గీసింది. మేడ మీద మెట్లు వీధి వైపున తేలతాయి కనుక అక్కడ వీధి నుంచి వెనక్కి గీసింది. పైన ఆమె మనసులో అనుకున్నట్లే పడింది. కింద తిరగబడింది. పరాయి ఇంట్లో చెయ్యని పొరపాటు, సొంత ఇల్లు కాబట్టే చేసింది.

"దొరికిందా అమ్మాయ్?" పక్కన ఎప్పుడు వచ్చి కూర్చుందో అత్తగారు అడిగింది.

"దొరికింది అత్తయ్యా. కింది గోడ పొరలను తిరగెయ్యాలి. ఒక్క నొక్కు."

"అయితే వాణ్ని పిలువు. పొరపాటని చెప్పు."

"చెప్పాలంటే పై అంతస్తు చూపించాలి. అది చూస్తే మీ పెద్దబ్బాయి నన్ను... వద్దు అత్తయ్యా. సరిచేసి ఇచ్చేస్తాను. దొంగ అనుకుంటే అనుకోనీ."

అత్తగారు లేచి నిలబడి, కొడుకులిద్దరినీ పేరు పెట్టి కేకేసింది. ఆ కేకకు ఇద్దరూ చిన్నప్పుడు వచ్చినట్లే వచ్చారు.

"ఇదిగో, ఇది కింద. ఇది పైన," అంది అత్తగారు తెరను వేలితో పొడుస్తూ. "పైన ఆ మందం ఎవరి గదిలో ఉందో చూడండిరా. కింద కూడా అక్కడే ఉండాలట. చెయ్యి తిరగబడిందట. గదిలో జాగా ఇచ్చుకున్న మనిషిని పట్టుకుని దొంగను చేశారు ఇద్దరూ. నోటితో ఒకడు, కళ్లతో ఒకడు."

మరిది వంగి చూశాడు. కింది గోడ, పై గోడ. మళ్లీ కింది గోడ. చూస్తూ చూస్తూ అతని కళ్లు నిండాయి. కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"వదినా... నాకు ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"చెబితే నువ్వు తీసుకునేవాడివా?" ఆమె కన్నీళ్లు ఇప్పుడు తుడుచుకుంది. "ఏడవకు. ఒక్క నొక్కు నొక్కితే నీ గది నీకొచ్చేస్తుంది."

ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నొక్కకు. ఆ దూది నా వైపే ఉండనీ. చప్పుడు చేసేది నేను కదా, మింగాల్సింది నా గదే."

గుమ్మం దగ్గర పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. ఎన్నాళ్లకో తమ్ముడి వంక తిన్నగా చూశాడు.

"డ్రమ్ములు పట్టవన్నావు కదరా?"

"ఒకటి మంచం కింద పెడతాను అన్నయ్యా."

"మంచం కింద పెట్టినది ఏం వాయిస్తావు, నీ మొహం!" అని, భార్య వైపు తిరిగాడు. "తిరగేసెయ్, మా వైపే ఉండనీ. పడుకునేవాడికి ఎంత జాగా కావాలి?"

"నీకెందుకు, నేను సర్దుకుంటానంటుంటే!"

"సర్దుకునేవాడివైతే ఇంతవరకూ వచ్చేదా?"

గొంతులు లేచాయి. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియకుండా. ఆమె మాత్రం తెర వైపు చూస్తూ ఉండిపోయింది. కింద వాడు ఇచ్చిన బెత్తెడు, పైన తాము ఇచ్చిన బెత్తెడు. నడుమ ఇటుక మీద ఇటుక తిన్నగానే ఉంది. గోడ నిలబడటానికి అది చాలు.

ఎర్ర గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంది. సరిచెయ్యమంటావా, అలాగే ఉంచమంటావా అని అడుగుతోంది. అన్నదమ్ములు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆమె వాళ్లను అడగలేదు. అలాగే ఉంచమని నొక్కేసి, మేస్త్రీకి కొత్త కాగితం తియ్యడానికి లేచింది.