గాలి ఎగరేసుకుపోయిన రేకు

"ఈ ఇంట్లో ఆ ఇనపముక్కలన్నా ఉండాల... నేనన్నా ఉండాల! ఏదో ఒకటి తేల్చండి!"

అత్త గురవమ్మ గుడ్డలసంచీ చంకన పెట్టుకుని గడపలో నిలబడి అరుస్తుంటే, కొత్తకోడలు అనూష వంటింట్లోంచి ఉరికొచ్చింది. నట్టింట చాప మీద పాత వ్యాను ఇంజను విప్పి పరిచి ఉంది. అనూష భర్త శివశంకర్ తల ఎత్తలేదు. పిస్టన్ తుడుస్తూనే ఉన్నాడు.

"యాడికి పోతావత్తా?"

"వాకాటికి! మీ నాయన నాకు తమ్ముడు గాడా? ఇంత గంజి పొయ్యడా?"

"నేను ఆణ్ణించి ఈడికి వస్తే, నువ్వు ఈణ్ణించి ఆడికి పోతావా! మా అమ్మ నవ్వదా?"

ఇంకెప్పుడైనా అయితే గురవమ్మ పగలబడి నవ్వేదే. ఇప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. "నా మొగుణ్ణి తిన్నది చాలక నా కొడుకుని కూడా తింటా ఉందే ఆ ఇంజను! నేను చూడలేను తల్లీ..."

ఆ బండి మామ పోలేరయ్య ముచ్చట! దేశాలు తిరిగే తెల్లవాళ్ళెవరో వదిలేసి పోతే కొన్నాడు. లోపల మంచం, బుల్లి పొయ్యి, కిటికీలకు పూల తెరలు... చిన్నప్పుడు అనూష జువ్వలదిన్నెకి వచ్చినప్పుడల్లా సముద్రం ఒడ్డున బండి ఆపి, ఆ పొయ్యి మీద టీ కాచి ఇచ్చేవాడు. "చూసినావా కోడలా! వేడెక్కితే పడవ ఇంజన్లు నీళ్ళు తాగతాయి. ఇది గాలి మేసి బతకద్ది!" అని మురిసిపోయేవాడు.

రెండేళ్ళ కిందట శివశంకర్ ఆ ఇంజను విప్పి, బాగుచేసి బిగించాడు. బిగించిన మధ్యాహ్నమే తండ్రికి గుండెనొప్పి వచ్చింది. అదే బండిలో నెల్లూరుకి బయలుదేరారు. కోవూరు చేరకముందే ఇంజను వేడెక్కి పట్టేసింది. వేరే బండి దొరికేలోపల పోలేరయ్య ఆ పూల తెరల మధ్యే కన్నుమూశాడు...

అప్పటినుంచీ పందిట్లో పాత వల కప్పుకుని బండి కదలకుండా పడి ఉంది. అయినా మధ్యాహ్నం ఎండలో గురవమ్మ చెవులు రిక్కించేది. "అదిగో... మీ మామ బండి మలుపు తిరిగింది. కంచం పెట్టు!" అనేది. అనూష కంచం తీసేది. కాసేపటికి అత్త ముఖం చూడకుండా మళ్ళీ బోర్లించేది. శివశంకర్ సంగతి ఇంకో తీరు. హార్బరులో పడవ ఇంజన్ల పని ముగించుకుని వచ్చి ఈ ఇంజను బిగిస్తాడు. బండిలోకి ఎక్కించి తాళం తిప్పడు. మళ్ళీ మొత్తం విప్పేస్తాడు! జడలో మల్లెలు, చాప మీద ఇంజనాయిలు... రెండు వాసనలూ కలిసిన ఆ గది గురించి స్నేహితురాళ్ళకు ఫోనులో నవ్వుతూ చెప్పేది అనూష. ఫోను పెట్టేశాక మాత్రం నవ్వు వచ్చేది కాదు.

"అన్నం తిని పోదువులే అత్తా" అని బతిమాలి, గురవమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, భర్త పక్కన చేరింది.

"బావా, తాళం ఎందుకు తిప్పవు?"

అతను వంపు తిరిగిన నల్లటి రేకు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. దానికి రెండు గుండ్రటి రంధ్రాలున్నాయి. "దీనికి ఎడమవైపు జత ఉండాల. ఫ్యాను గాలి చెదరకుండా సిలిండర్ల మీదికి తోసేది ఇదే. ఆ రోజు ఎంత ఎతికినా కనపళ్ళా. నాది పడవ ఇంజన్లు చేసే చెయ్యి గదా... మూత లేకుంటే ఏంలే, నడస్తది అనుకున్నా. ఎడమవైపే పట్టేసింది అనూ! మా నాయన్ని నేనే..."

సుత్తి అందుకుని ఇనుము మీద ఠంగు ఠంగున కొట్టసాగాడు.

అత్త మనసు మెత్తబడుతుందేమోనని ఎండు నెత్తళ్ళు, వంకాయ కూర వండబోయింది అనూష. చేపల గంప దించుతుంటే మూతకు చుట్టిన పాత చీరముక్క జారిపోయింది. నల్లటి రేకు... అదే వంపు! అవే రెండు రంధ్రాలు!

"అత్తా... ఈ మూత యాడిది?"

"అదా? పందిట్లో పడుంటే తెచ్చినా, మీ మామ ఉండంగానే. పిల్లి ముట్టకుండా బాగుంటది. మంచి రేకు!" అంది గురవమ్మ అరుగు మీదినుంచి, ఎంతో అమాయకంగా. నట్టింట సుత్తి మోతలో ఆ మాట శివశంకర్‌కి వినపడలేదు.

అనూష రేకును గబుక్కున చీరముక్కలో చుట్టేసింది. బావకి చెబితే అతని నెత్తిన బరువు దిగుతుంది... కానీ ఆ బరువు పోయి ఎవరి నెత్తిన పడుతుంది? మధ్యాహ్నమైతే చచ్చిపోయిన మొగుడికి కంచం పెట్టమనే ఈ పిచ్చితల్లి బతుకుతుందా? చెప్పకపోతే, బావ ఇలాగే ఇంజను విప్పుతూ, బిగిస్తూ ముసలివాడైపోడూ!

రేకును కొంగు చాటున పెట్టుకుని పెరటి దారిన వెళ్ళింది. చేపల వాసన పోవాలని కిరసనాయిలుతో తుడిచింది. దోసిళ్ళతో ఇసక పోసి రుద్దింది. కన్నీళ్ళు తుడుచుకుని, ముఖాన నవ్వు పులుముకుని లోపలికి వచ్చింది.

"బావా! సరుగుడు తోటకి పుల్లలకి పోతే ఇసకలో కూరుకొని ఉండాది. ఇదేనా చూడు!"

శివశంకర్ దిగ్గున లేచాడు. "ఇది... ఆడికి ఎట్ట పోయింది?"

"గాలికి! మన ఊరి గాలి నీకు తెలవదా? ఇళ్ళ కప్పులే ఎగరేసుకుపోద్ది, ఇదొక లెక్కా!"

"గాలా... గాలి తీసుకుపోయిందా... నేను పోగొట్టలేదా..." అంటూ రేకును గుండెలకు హత్తుకుని కూలబడ్డాడు. తండ్రి పోయిన నాడు కూడా ఏడవనివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు! ఆ ఏడుపు విని గురవమ్మ సంచీ విసిరేసి పరుగెత్తుకొచ్చింది. కొడుకు తలను ఒళ్ళోకి తీసుకుంది. "ఏడు నాయనా... ఏడు! ఇన్నాళ్ళూ దాచుకున్నావా అయ్యా!"

వాకాడు ప్రయాణం మాట ఇంకెవరూ ఎత్తలేదు.

ఆ వారంలోనే ఇంజను బండిలోకి ఎక్కింది. తాళం తిప్పగానే టపటపమని పలికింది. గురవమ్మ గరిటెతోనే బయటికి ఉరికింది. "వచ్చినాడు! కంచం..." అని, పందిట్లో బండిని, కొడుకుని చూసి ఆగిపోయింది. తర్వాత గరిటె అరుగు మీద పెట్టి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. అనూష వెనక, మామ పోయిన మంచం మీద కూర్చుంది. తెరలకు ఇంకా బీడీ వాసన... పక్కన ఎవరో జరిగి చోటిచ్చినట్టే అనిపించింది. భయం వేయలేదు.

సముద్రం దారిలో గురవమ్మ వెనక్కి తిరిగింది. "అవునే అనూ, చేపల గంప మీద రేకు ఏమైంది? తాటాకు చాట పెట్టుండావే! వంపుగా, రెండు బొక్కలు పడిన రేకు. మన పందిట్లోంచి ఏరుకున్నదే!"

అనూష గబుక్కున అద్దంలో భర్త వైపు చూసింది. గేరు మీద శివశంకర్ చెయ్యి బిగుసుకుపోయింది. అతనూ అద్దంలో అనూష కళ్ళలోకి చూశాడు. సరుగుడు తోట, ఇసక, గాలి... అన్నీ అతనికి అర్థమయ్యాయి. అతని కళ్ళు నిండిపోయాయి.

"నేనే పారేసినా లేమ్మా... తుప్పు పట్టింది."

"పారేసినావా! బంగారం లాంటి రేకు! మొగుడూ పెళ్ళాలకి సంసారం తెలవదు, ఏమీ తెలవదు!"

సముద్రం కనిపించేదాకా గురవమ్మ తిడుతూనే ఉంది. అత్త ఆ తిట్లు ఎన్నటికీ ఆపకూడదని, కొంగుతో కళ్ళొత్తుకుంటూ మొక్కుకుంది అనూష!