లైన్ క్లియర్ అడిగిన దెయ్యం

పొద్దుగూకాక ఆ పంపుహౌస్ దారిన పిల్లి కూడా పోదంటారు. ఎప్పుడో స్తంభం మీదే ప్రాణం వదిలిన లైన్‌మన్ ఒకడు తెల్ల హెల్మెట్ పెట్టుకుని రాత్రిళ్ళు అక్కడ తిరుగుతాడట. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, బొంగురుగొంతుతో "లైన్ క్లియర్ ఇవ్వు..." అంటాడట. అంటే, పని చేసుకోవాలి, కరెంటు ఆపమని. ఆపకపోతే — తనే వచ్చి ఆపుకుంటాడట.

అంతా శుద్ధ అబద్ధం. పుట్టించింది మన లైన్‌మనే.

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? పంపుహౌస్‌లో రాగి తీగ మూడుసార్లు పోయింది. కాపలా మనిషిని ఇమ్మని ఆఫీసుకి రాస్తే, "ఇది ప్రజల ఆస్తి, కాపాడుకుందాం" అని ఇనపబోర్డు పంపారు. వారం తిరక్కుండా బోర్డూ పోయింది. వెనకే కాగితం వచ్చింది — ఇంకోసారి తీగ పోతే నీ ఉద్యోగమూ పోతుందని. దాంతో ఆయన జీతం అడగని కాపలాదారుణ్ణి తయారుచేసుకున్నాడు. మంగలిషాపులో ఒకరి చెవిన వేశాడు, మిగతాది ఊరే చూసుకుంది.

ఆరునెలలు తీగ జోలికి ఎవరూ రాలేదు. ఆయనగారు కాలరెగరేసుకు తిరిగాడు. చీకటి పడ్డాక మాత్రం తనూ అటు పోయేవాడు కాదు...

ఒకరాత్రి ఊరంతా కరెంటు పోయింది.

"వెళ్ళి చూసి రండి," అంది భార్య.

"తెల్లారనీ."

"మీరు పెంచుకున్న దెయ్యమేగా. మిమ్మల్నే కరుస్తుందా?"

కరవదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కాళ్ళకే తెలీదు.

పంపుహౌస్ గేటు బార్లా తెరిచి ఉంది. ఎప్పుడూ జుమ్మని మూలిగే ట్రాన్స్‌ఫార్మర్ నోరు మూసుకుంది. ఒక అడుగు... ఇంకో అడుగు... వెనక ఏదో టకటకమంది.

టార్చి తిప్పాడు. గేటు కొక్కేనికి — తెల్ల హెల్మెట్. గాలికి ఊగుతోంది.

గోడ పట్టుకుని, టార్చి కిందికి దించాడు. తీగ వేసిన కాలవ మీది రాతిపలకలన్నీ లేపి ఉన్నాయి. లోపల తీగ లేదు, జానెడు ముక్క కూడా మిగల్చలేదు.

ఫ్యూజులు పీకేసి, సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌కి ఫోన్ చేశాడు.

"కరెంటెందుకు ఆపావు తమ్ముడూ?"

"ఆయన ఫోన్ చేశాడన్నా..." అవతల గుసగుస. "పోయినాయన. లైన్ క్లియర్ అడిగాడు."

"ఇచ్చేశావా?"

"ఇవ్వకపోతే వస్తాడని నువ్వేగా చెప్పావు."

ఆ ముక్క ఆయన రుచికోసం కలిపింది. దొంగలకి సరిగ్గా అదే అక్కరకొచ్చింది. కరెంటున్న తీగ మీద కత్తి పెట్టడానికి వాళ్ళకేమన్నా పిచ్చా?

"సరే... ఇక్కడ ఫ్యూజులు తీసేశాను. మిగతా ఊరికి కరెంటివ్వు."

"కుదరదన్నా. లైన్ క్లియర్ తీసుకున్నవాడే పనైందని చెప్పి తిరిగివ్వాలి. రూలు."

"తీసుకుంది దెయ్యం కదరా."

"రిజిస్టర్‌లో దెయ్యానికి గడి లేదు. డ్యూటీ నీదని నీ పేరు రాశాను. నువ్వే తిరిగిచ్చెయ్యి."

లైన్‌మన్ అక్కడే కూలబడ్డాడు. తీగా పోయింది, ఉద్యోగమూ పోయింది, ఇప్పుడు దొంగతనం కూడా తన పేరునే రాసి ఉంది. ఏడుపొచ్చింది. గొంతు తడారిపోయింది. నోరు తెరిస్తే మాట బొంగురుగా, గుసగుసగా బయటికొచ్చింది.

"లైన్ క్లియర్... తిరిగిస్తున్నాను..."

అవతల ఫోను కిందపడ్డ చప్పుడు.

మర్నాడు విచారణలో ఆపరేటర్ చేతులు కట్టుకుని, పిల్లల మీద ఒట్టేసి మరీ చెప్పాడు — రెండుసార్లూ వినబడింది ఒకటే గొంతని.

లైన్‌మన్ ఉద్యోగం ఊడింది. దెయ్యం మాత్రం ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది. ఆ ఖాళీ పంపుహౌస్‌ని, ఆఫీసువాళ్ళు పంపిన కొత్త బోర్డునీ కాపలా కాస్తోంది.