ఇంకొంచెం విచ్చుకుంది

"ఈ గిటార్‌కి జలుబు చేసిందా ఏంటండీ?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. బయట వాన దంచికొడుతోంది. గొడుగు గుమ్మం దగ్గర వదిలేసి, గోడకున్న గిటార్లన్నీ ఒక్కో తీగ మీటుకుంటూ వచ్చి, నడుం సన్నగా ఉన్న చిన్న ఎర్రచాయ గిటార్ దగ్గర ఆగింది.

"జలుబు కాదండీ, మహాగనీ గొంతే అంత," అన్నాను ఒళ్లు మండి. "పక్కదాని పైచెక్క స్ప్రూస్, గలగలమంటుంది. ఇది పైన, పక్కల, వెనక అంతా మహాగనీ. మెత్తగా మోగి తొందరగా తగ్గుతుంది. పాడేవాళ్ల గొంతుకి చోటిస్తుంది."

"నేను పాడతానని మీకెవరు చెప్పారు?"

"పాడనివాళ్లు ఇన్ని వంకలు పెట్టరు."

నవ్వింది. అక్కడితో నోరు మూసుకుంటే బాగుపడేవాణ్ణి. ఇంకోసారి నవ్వితే బాగుండుననిపించి, "ఇది సాలిడ్ చెక్కండీ, పొరలు అతికించింది కాదు. వాయించేకొద్దీ విచ్చుకుంటుంది. ఆరు నెలల్లో గొంతే మారిపోతుంది," అనేశాను. లేబుల్ మీద మహాగనీ అని మాత్రమే ఉంది. సాలిడ్ అన్నది నా సొంత కవిత్వం.

ఆమె గిటార్ తీసుకుని వెళ్లాక, షాపు ఓనరైన మా మావయ్య కౌంటర్ వెనకనుంచి తలెత్తాడు. "నీ నోటికి తాళం ఎక్కడా దొరకదేమో రా," అన్నాడు.

ఆమె ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. ప్రతి శనివారం లంచ్ టైమ్‌లో గిటార్ మోసుకుని వచ్చేసేది. మూడో వారానికే మీరు కాస్తా నువ్వు అయింది.

"కళ్లు మూసుకో, చెవులబ్బాయ్. ఒకటి..." అని పిక్‌తో వాయించేది. "రెండు..." అని బొటనవేలితో మీటేది. "ఏది బాగుంది? నిజం చెప్పు. మా దగ్గర మొహమాటానికి చెప్పినవాళ్లకి తప్పు అద్దాలొస్తాయి."

"రెండు."

"మరి విచ్చుకుందా?"

"ఇంకొంచెం విచ్చుకుంది."

నాలుగో వారం తీగలు మార్చమని ఇచ్చింది. పాతవి తీసేసి తుడుస్తుంటే, మధ్యలో గుండ్రంగా ఉండే సౌండ్ హోల్ అంచు మీద కన్ను పడింది. సాలిడ్ చెక్కైతే పైన కనిపించే గీతలు అంచులోకి కూడా సాగుతాయి. ఇక్కడ మూడు పొరలున్నాయి, మధ్యది వేరే రంగు. ప్లైవుడ్. మహాగనీ పైపొర ఒక్కటే. ఎన్నేళ్లు వాయించినా దాని గొంతు ఇంతే.

చెప్పేద్దామనుకున్నాను. ఆమె వచ్చి, "నా బంగారం ఎలా ఉంది?" అని గిటార్‌ని పలకరించింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. చెబితే శనివారాలు పోతాయని భయం. ఆ భయానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

"చెప్పావా?" అన్నాడు మావయ్య. అంచు ఆయన కూడా చూశాడు.

"చెబుతాను మావయ్యా."

"ఆలస్యం అమృతం విషం అన్నారు."

ఇంతలో ఆమెకి స్టూడియోలో డేట్ దొరికింది. తను రాసుకుని శనివారాల్లో నాకు పాడి వినిపించే మొదటి పాట రికార్డ్ చేయాలని ఎప్పటినుంచో కోరిక. "వెళ్లిపోనా? ఇంకాస్త విచ్చుకోనివ్వనా?" అని నన్నే అడిగింది.

స్టూడియోవాళ్లు చూడగానే ప్లైవుడ్ అని పట్టేస్తారు. "ఇంకో నెల ఆగు," అన్నాను. ఆగింది. రెండోసారి డేట్ వచ్చినా అదే చెప్పాను. అప్పుడూ ఆగింది.

ఆరో నెలలో ఒక మంగళవారం వచ్చింది. బెల్ట్ తగిలించుకునే బటన్ బిగించమని గిటార్ వాళ్ల బాబాయికి ఇచ్చిందట. ఆయన తలుపులూ బీరువాలూ చేసే వడ్రంగి.

"చూడగానే, ఇది పొరల చెక్కమ్మా అన్నాడు. నేను బాబాయ్‌తో పోట్లాడాను, తెలుసా? మావాడి చెవి తప్పు వినదని." గిటార్ కౌంటర్ మీద పెట్టింది. "నీకెప్పుడు తెలిసింది?"

"తీగలు మార్చిన రోజు."

మావయ్య ఏదో పనున్నట్టు లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

"మొదటి రోజు తెలియక అన్నావు, సరే. ప్లైవుడ్ అని చెప్పినా ఇదే ఉంచుకునేదాన్ని. గొంతు నచ్చి కొన్నాను, చెక్క చూసి కాదు. కానీ ఇన్ని నెలలూ విచ్చుకుంది, విచ్చుకుంది అన్నావే. నా పాట బాగుందని కూడా ఆ నోటితోనేగా అన్నావు?"

"అది నిజం. నువ్వంటే నాకు ప్రాణం. అదీ నిజమే."

"ఈ మాట కోసమే ప్రతి శనివారం లంచ్ మానేసి వచ్చేదాన్ని," అంది. "ఇప్పుడు వింటుంటే ఇది కూడా విచ్చుకుంది అన్నట్టే ఉంది."

ఏం చెప్పినా ఆ నోటితోనే చెప్పాలి.

"రేపు స్టూడియోకి వెళ్తున్నాను. దీంతోనే పాడతాను. ఒక్కటి మాత్రం నిజం చెప్పు. నా పాటలో ఏం బాగోలేదు?"

"చరణంలో పైకి వెళ్లేటప్పుడు భయపడతావు. గొంతు బిగుసుకుపోతుంది. అది వినపడకుండా తీగల్ని గట్టిగా కొడతావు."

కళ్లు తుడుచుకుంది. "అమ్మయ్య. ఇది నమ్ముతాను," అంది. "థాంక్సండీ."

గిటార్ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆరు నెలల్లో నేను చెప్పినవాటిలో ఆమె వెంట తీసుకెళ్లింది ఆ ఒక్క వంకే. అది తప్ప మిగతా పాటంతా ఎంత బాగుంటుందో చెప్పాలని గుమ్మం దాకా పరిగెత్తాను. ఆమె ఇంకా రోడ్డు దాటలేదు. పిలిస్తే ఆగేదే. చెబితే మాత్రం నమ్మేది కాదు. అందుకని పిలవలేదు.