రికార్డు మీద లేని పేరు

చక్కెర డబ్బాలో చక్కెరే ఉంది. నాగులమ్మ నమ్మలేక మళ్లీ వేలు అద్ది నాకి చూసింది.

చౌటుప్పల్‌లో ఆ వాడకట్టంతటికీ తెలుసు, దశరథ్ ఇంట్లో చక్కెర డబ్బాలో ఉప్పే ఉంటుంది. వచ్చిన చుట్టానికి పోయేటప్పుడు చెప్పులు దొరకవు. అట్లాంటి చిలిపి మనిషి వారం నుంచి అరుగు మీద గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. సందు మలుపులోనే “మ్మే... హెహే” అని మేకలా అరిచి భార్య నాగులమ్మను పిలవడం కూడా మానేశాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు అదే పిలుపు. పేరు పెట్టి పిలిచింది లేదు.

“చాయ్ తాగుతవా?”

“ఊ.”

“ఉప్పేసియ్యాల్నా?”

“నీ ఇష్టం.”

అంతా పోయిన ఆదివారం వచ్చిన తంటా. కొడుకు విజేందర్ తను పనిచేసే మందుల కంపెనీ సూపర్‌వైజర్‌ను భోజనానికి పిలిచాడు. దశరథ్ తన పాత కథ అందుకున్నాడు. పెండ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక రికార్డుకు డప్పు కొట్టాడట. తోలు బిగిసేందుకు స్టూడియోలో మంట పెట్టనివ్వకపోతే, కింద చాయ్ స్టౌ మీద డప్పు కాచి తెచ్చాడట. “ఏదీ, రికార్డు చూపించండి” అన్నాడు సూపర్‌వైజర్. లేదు. ఆయన నవ్విన నవ్వుకు విజేందర్ తల నేలకు దిగింది.

“బాపు, నీ అబద్ధాలతోని నా ఇజ్జత్ పోతాంది. ఇంటికి ఎవ్వరన్న వస్తే నోరు తెరువకు” అన్నాడు, ఆయన పోగానే.

దశరథ్ భార్య వైపు చూశాడు. “పిలగాడు అన్నదాంట్ల తప్పేమున్నది?” అనేసింది నాగులమ్మ. ఆ మాటతో ఇంట్లో మేక నోరు పడిపోయింది.

కూతురు రూప మాత్రం ఊరుకోలేదు. ఫోన్‌లో వెతికి వెతికి, కల్వకుర్తిలో పాత రికార్డులు పోగుచేసే శ్రవణ్‌ను పట్టుకుంది. ఒక చిన్న రికార్డు ఫొటో పెట్టి, దీని మీద పాడినామె పేరు ఒక్కటే ఉంది, వాయించినవాళ్లు ఎవరో చెప్పండని అతనే అందరినీ అడుగుతున్నాడు.

ఆ పొద్దున చాయ్ అయ్యాక, దశరథ్ జొన్నరొట్టె ముందు కూర్చున్న వేళకు, శ్రవణ్ అట్టపెట్టెలో రికార్డ్ ప్లేయర్ పట్టుకొని దిగాడు. విజేందర్ గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

“ఈ పిలగాన్ని ఏడికెల్లి తోలుకొచ్చినవు బాపు? ఇదొక కొత్త నాటకమా?”

దశరథ్ నోరు తెరవలేదు. తెరవొద్దన్నాడు కదా కొడుకు.

“బాపుకు తెల్వనే తెల్వదన్నా! నేనే రమ్మన్న” రూప గొంతు లేచింది.

“అన్నా, ఈ రికార్డుకు హార్మోనియం వాయించినాయన పోయిండు” అన్నాడు శ్రవణ్. “ఆయన భార్యను మహబూబ్‌నగర్‌ల కలిసిన. డప్పాయన పేరు ఆమెకు యాదికి లేదు గని, చాయ్ స్టౌ మీద డప్పు కాచిండని ఆయన ఎప్పుడూ చెప్పి నవ్వెటోడట.”

“గా ముచ్చట మా బాపు ఊరంతా చెప్పిండు. మా చెల్లె నీకు చెప్పుంటది.”

“అయితే పాటనే ఇను.”

నాగులమ్మ మెల్లగా వంటింట్లోకి జారుకుంది. అబద్ధమైతే ముసలాయన తల ఇంకెప్పటికీ లేవదు. నిజమైతే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? గిన్నెలు ముందేసుకొని రుద్దసాగింది. బయట రికార్డు మీద బరబరమని ముల్లు గీసుకుంది. ఆడగొంతు లేచింది, మేకలు కాసే పాట. వెనక డప్పు. చరణం అయిందో లేదో...

“మ్మే... హెహే!”

“ఆగు, వస్తున్న! చేతులు తడిగున్నయి!” అని కేకేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చింది నాగులమ్మ.

అందరూ ఆమెనే చూస్తున్నారు. దశరథ్ బుగ్గ నిండా రొట్టె ఉంది. పెదాలు మూసే ఉన్నాయి. రికార్డులో పాటామె ఆ అరుపుకు నవ్వు ఆపుకోలేక తడబడుతూ పాడుతోంది.

“నువ్వు గాదా పిలిచింది?”

దశరథ్ రొట్టె మింగాడు. “నేనే. ఇప్పుడు గాదు. నిన్ను చూడకముందు.”

విజేందర్ తండ్రి పక్కన కూలబడ్డాడు. “మాఫ్ చెయ్యి బాపు. మా సార్‌ను మళ్ల పిలుస్త. ఎంతసేపన్న మాట్లాడు.”

నాగులమ్మకు కన్నీళ్లు ఆగడం లేదు. “ఒక్కనాడన్న నమ్మకపోతిని గదయ్యా!”

“నమ్మితే మజా ఏముంటుండె?” అని శ్రవణ్ వైపు తిరిగాడు. “రాసుకో బిడ్డా. డప్పు దశరథ్. మేక గూడ దశరథే.”

ఇల్లంతా నవ్వింది. నాగులమ్మ కళ్లు తుడుచుకొని చాయ్ పెట్టి తెచ్చింది. మొదటి గుక్కకే దశరథ్ ముఖం ముడుచుకుపోయింది.

“పొద్దుగాల అడిగిన గదా” అంది ఆమె అమాయకంగా.

ఆయన ఆ ఉప్పు చాయ్ చివరి చుక్కదాకా తాగి, గ్లాసు చాపాడు.

“మ్మే... హెహే. ఇంకొంచెం పొయ్యి.”